పాల క్యానులో కనబడిన పైడి

గుండ్లవాగు చెరువు కట్ట మీద పాలవ్యాను ఏనాడూ మెల్లగా పోయింది లేదు. ఒక పొద్దున మలుపు దగ్గర అది ఎగిరిపడేసరికి వెనకున్న స్టీలు క్యాన్లలో ఒకటి కిందికి దొర్లి తుమ్మపొదల్లో పడింది. డ్రైవరు చూసుకోలేదు. చూసినవాడు నాగలింగం. ఆ కట్ట కింద బొరియలో ఉండే గుంటనక్క పేరు అది. ఒళ్లు వంచి పనిచేసిన పాపాన పోలేదు, అలాగని ఒక్క పూటైనా పస్తున్న పాపానా పోలేదు. ఇలాంటివాళ్లు మీ వీధిలోనూ ఉండే ఉంటారు.

అడుగున పాలచుక్క మిగిలిందేమోనని ఆశగా మూతి పెట్టి చూశాడు. లేదు. తిట్టుకుంటూ తల తీసేసరికి, అడ్డంగా పడి ఉన్న క్యాను నున్నటి ఒంటి మీద ఒక వింత జంతువు కనబడింది. కాళ్లు బెత్తెడు, పొట్ట బారెడు, కుండకు తోక మొలిచినట్టుంది. నాగలింగం ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. అదీ జరిగింది. అది తానేనని తెలిశాక ఇంకా ఉలిక్కిపడి, కోపంతో క్యానును ఒక తోపు తోశాడు. అది వాలులో జారి గుంటలో నిలువుగా కూరుకుని నిలబడింది. ఇప్పుడు చూస్తే అందులో సన్నగా, పొడుగ్గా, ఈనెపుల్లలాంటి నక్క.

నాగలింగానికి విషయం అర్థమైపోయింది. క్యాను పడుకుంటే ఎవరైనా గుమ్మడికాయే, నిలబడితే ఎవరైనా సరుగుడు చెట్టే. అద్దం అబద్ధమాడుతుందని తెలిస్తే మనబోటివాళ్లం దాన్ని అవతల పారేస్తాం. నక్క మాత్రం ఆ అబద్ధం ఎవరికి చూపిస్తే తన నోట్లోకి నాలుగు ముద్దలు పోతాయా అని ఆలోచించింది. ఆలోచన ఎక్కువ సేపు పట్టలేదు, ఎదురుగా చెరువు నిండా బాతులున్నాయి.

అవి పట్టెతల బాతులు. తెల్లటి తల మీద నల్లటి పట్టెలుంటాయి. చలికాలంలో మంచుకొండల అవతలి నుంచి వచ్చి, గుండ్లవాగులో తిని పడుకుని, మోదుగపూలు విరగబూసే వేళకు మళ్లీ ఆ కొండల మీదుగా వెళ్లిపోతాయి. ఆ కొండల మీద గడ్డి ఉండదు, గింజ ఉండదు, ఊపిరి పీల్చుకోవడానికి గాలి కూడా సరిగ్గా ఉండదు. అందుకే వెళ్లేముందు ఒంటికి కొవ్వు పట్టించాలి. తుంగగడ్డలు, కోసిన మళ్లలో రాలిన వడ్లు, గట్టు మీది గరిక, ఏది దొరికితే అది మేసి, నడిస్తే ఇటూ అటూ ఊగేదాకా మేయాలి. ఆ ఊగుడు చూసి ఊరకుక్కలు నవ్వుతాయేమో గానీ, బాతుల్లో అది పెళ్లినడక కన్నా గొప్ప.

మేశారో లేదో చూడటానికి వాళ్లకొక పద్ధతి ఉంది. ప్రయాణం దగ్గరపడితే రోజూ పొద్దు వాలే వేళ మంద పెద్ద తిరపమ్మ అందరినీ నిలకడ నీళ్లలో వరసగా కూర్చోబెడుతుంది. పక్కటెముకల మీద ఉండే ముదురు చార నీళ్లలో మునిగిందా, సరే. పైకే తేలి ఉందా, వెనక్కి పోయి మేయాలి. దీన్ని మునక చూడటం అంటారు. ముత్తాతల కాలం నుంచి నడుస్తున్న లెక్క, ఎన్నడూ తప్పలేదు.

ఆ మందలో పైడి అని ఒక పిల్లబాతు. ఈ దేశానికి రావడం మొదటిసారి, కొండలు దాటి వెనక్కి పోవడమూ ఇదే మొదటిసారి. తల్లి వస్తూ వస్తూ దారిలోనే పోయింది, పెద్దమ్మ తిరపమ్మే సాకుతోంది. చురుకైన పిల్ల. ఒకటే తంటా, ఎవరేమన్నా చెవిలో వేసుకుని రోజంతా తిప్పుకుంటుంది. తాను బాగా ఎగరగలనా, అందరికీ అడ్డమవుతానా అని లోలోపల బెంగ. నాగలింగం వాసన పట్టింది ఆ బెంగనే.

ఒడ్డున గరిక కొరుకుతుంటే దూరంగా, మర్యాదగా కూర్చుని పలకరించాడు. తనకు పళ్లు కదిలిపోయాయని, మాంసం మానేశానని, చేపముల్లు చప్పరించి బతుకుతున్నానని చెప్పుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అసలు మాట దించాడు.

"కోడలుపిల్లా, ఒకటి అడుగుత, ఏమనుకోకు. రాయి పైకి లేస్తదా, దూది లేస్తదా?"

"దూదే మామా."

"మరి మీ పెద్దమ్మ నిన్నెందుకు రాయిని చేస్తున్నది?"

నాగలింగం జాలిగా తలాడించి, నీ ఒళ్లు నువ్వెప్పుడైనా చూసుకున్నావా, నా దగ్గర మంచి అద్దం ఉంది, ఊరికే చూసిపో అన్నాడు. పొదల పక్కన పడుకోబెట్టిన క్యాను ముందు పైడి నిలబడింది. మెడ లేదు, కాళ్లు లేవు, ఉన్నదంతా పొట్టే. రెక్కలు ఆ పొట్టకు అతికించిన చిన్న ఆకుల్లా ఉన్నాయి. ఆ పక్కనే గట్టు మీద తెల్లకొంగ ఒంటికాలి మీద ఎంత నాజూగ్గా నిలబడి ఉందో చూడమని నాగలింగం చూపించాడు. కొంగ ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదికి తప్ప ఎక్కడికీ పోదని మాత్రం చెప్పలేదు.

పైడి ఆ రోజు సగమే మేసింది. మర్నాడు అందులో సగం. మొదట్లో తేలిగ్గా ఎగరాలనే మేత తగ్గించింది, ఎగరడం సంగతి త్వరలోనే వెనకబడిపోయింది. అందరూ ఆబగా మేస్తుంటే తాను మేయకుండా ఉండగలగడమే ఒక గెలుపులా అనిపించసాగింది. కడుపు మాడుతుంటే నేను నెగ్గుతున్నాను అనుకునేది. ఒక్క గింజ నోట్లో పడితే రోజంతా తనను తాను తిట్టుకునేది. పొద్దున్నే వెళ్లి క్యానులో చూసుకునేది, అందులో రోజూ అదే గుమ్మడికాయ. చిక్కిపోయిన కొద్దీ ఇంకా చిక్కాలి అనిపించేది. ఈకలు రాలుతున్నాయి, ఎండలో నిలబడినా వణుకు పుడుతోంది, నాలుగు బారలు ఎగిరితే కళ్లు తిరుగుతున్నాయి. అవేవీ పైడికి పట్టలేదు. నాకు తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది, పక్కన కూర్చున్న నక్క మాత్రం తగ్గుతున్నావు బిడ్డా, ఇంకొంచెం అని మెచ్చుకుంటూ ఉండేవాడు. లేవలేని బాతు కోసం నక్క పరిగెత్తాల్సిన పని లేదు కదా.

మరి మునక సంగతేమిటని మీరు అడగాలి. అక్కడే ఉంది పిల్ల తెలివి. బాతులు మేత అరగడానికి నాలుగు ఇసుకరవ్వలు మింగడం మామూలే. పైడి మునకకు ముందు అవతలి ఒడ్డుకు పోయి గొంతు పట్టినన్ని గులకరాళ్లు మింగి, రెక్కల కింద తడినాచు దోపుకుని వచ్చి కూర్చునేది. చార బుడుంగున మునిగేది. తిరపమ్మ చూసి సరే అనేది. పెద్దమ్మ పక్కకు తిరగగానే పైడి రెల్లు చాటుకు పోయి అన్నీ కక్కేసేది. ఎప్పుడు మేశావంటే అవతలి మడిలో మేశానని చెప్పేది. అబద్ధాలు ఎన్నడూ ఆడని పిల్ల గనుక అందరూ నమ్మారు.

ఈ గుట్టు మొదట తెలిసింది చెరువులో పడి నానే ముసలి బర్రె గౌరమ్మకు. ఒక సాయంత్రం పైడి పక్కనుంచి పోతుంటే పిల్ల కడుపులోంచి గలగలమని చప్పుడొచ్చింది. గౌరమ్మ నెమరు ఆపి చెవులు రిక్కించింది. గుచ్చి గుచ్చి అడిగితే, పైడి కాసేపు తప్పించుకుని, తర్వాత ఏడ్చి, అంతా చెప్పింది. చెప్పి, పెద్దమ్మకు చెప్పొద్దని బతిమాలింది.

గౌరమ్మ ఎవరి మీదికైనా కొమ్ముతో పోయే రకం. పైడిని వెంటబెట్టుకుని నేరుగా పొదల దగ్గరికి పోయి, నక్క లేని అదను చూసి, క్యానును కొమ్ముతో లేపి నిలబెట్టింది. ఇప్పుడు చూసుకోమంది. పైడి చూసింది. క్యానులో మెడ ఒక పుల్ల, ఒళ్లు ఇంకో పుల్ల.

"ఇది అబద్ధం అవ్వా. నన్ను తినిపియ్యాలని గిట్ల తిప్పి చూపిస్తున్నవ్," అంది.

అదే క్యాను, అదే పిల్ల. పడుకుంటే నిజం, నిలబడితే అబద్ధమట. అప్పుడు ముసలిదానికి ఒకటి తెలిసింది. గుమ్మడికాయ ఉన్నది క్యానులో కాదు, అది ఎప్పుడో పిల్ల కళ్లలోకి మారిపోయింది. ఇక నువ్వు సన్నగా ఉన్నావని ఎవరు చెప్పినా, ఎంత గట్టిగా చెప్పినా వినబడదు. గౌరమ్మ వాదన మానేసి బురద ఒడ్డుకు నడిచింది.

మర్నాడు పొద్దున పైడిని పిలిచి, తనకు చూపు ఆనడం లేదని, ఒడ్డున ఏవో అడుగులున్నాయని, ఎవరివో చెప్పమని అడిగింది. పైడికి అడుగులు చదవడమంటే సరదా. మెడ వంచి చూస్తూ వరసగా చెప్పుకుపోయింది. ఈ లోతువి పెద్దమ్మవి, ఈ వంకరవి కుంటి బాబాయివి, ఇవి కొంగవి. అలా చెబుతూ ఒక వరస దగ్గర ఆగింది.

"అవ్వా, ఇవేంది? కాలు మన పెద్దోళ్లంత ఉన్నది, మట్టి మాత్రం నొక్కుకోలే. గీతలు గీసినట్టున్నయ్."

"ఎవరై ఉంటరే?"

"ఎవరో బాగ సుస్తీ ఉన్నోళ్లు. నడుస్తుంటే తూలిపోయిన్రు సుత, ఇగో చూడు. గీ పిట్ట కొండలెక్కదు అవ్వా, దారిల పడి చచ్చిపోతది. ఎవరన్న పట్టుకొచ్చి తినిపియ్యాలె." పైడి గొంతులో నిజంగానే కంగారు. ఎవరో తెలుసుకుందామని చుట్టూ వెతికింది.

గౌరమ్మ ఆ అడుగు పక్కన పైడిని కాలు పెట్టమంది.

పెట్టి తీసింది. అదే కాలు, అవే గీతలు. మొన్న పాదంలో ముల్లు గుచ్చుకుని వేలు కాస్త పక్కకు వాలింది, ఆ వాలు కూడా అందులో ఉంది. పైడి ఆ గుర్తుల వైపే చూస్తూ ఉండిపోయింది. తన ఒంటిని చూస్తే ఇంతకాలం అసహ్యమే పుట్టింది. ఎవరిదో తెలియని ఒంటి మీద మాత్రం ఇప్పుడే జాలి పుట్టింది, అది తనదేనని తేలింది. పిల్ల అక్కడే బురదలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. గౌరమ్మ పక్కనే నిలబడింది.

తిరపమ్మకు చెప్పినప్పుడు తిట్లు పడతాయనుకుంది పైడి. పెద్దామె రెక్క చాపి దగ్గరికి తీసుకుని, "నేను నీళ్లను చూసిన బిడ్డా, నిన్ను చూడలే," అంది. అని తానూ కళ్లు తుడుచుకుంది.

బుద్ధి వచ్చింది గనుక పైడి ఆ పూటే మడి మొత్తం మేసేసిందని రాస్తే నాకూ సులువు, మీకూ సంబరం. అలా జరగలేదు. మొదటి తుంగగడ్డ గొంతులో అడ్డం పడింది. కడుపు నిండిందన్న భయంతో సాయంత్రమంతా వణికింది. తిరపమ్మ అప్పటి నుంచి పైడి పక్కనే నిలబడి ముక్కుకు ముక్కు కలిపి మేసింది, లావు మాట గానీ సన్నం మాట గానీ ఎత్తలేదు. మేసినంతసేపూ కొండల అవతలి పచ్చిక గురించి, పైడి తల్లి చిన్నప్పటి అల్లరి గురించి చెప్పింది. ఒకరోజు బాగా మేసేది, ఒకరోజు మొండికేసేది, మళ్లీ మేసేది. ఈలోగా దక్షిణగాలి మళ్లింది, మోదుగపూలు రాలడం మొదలైంది. ఎండలు ముదిరితే దారిలో నీళ్లు దొరకవని మందలో గొణుగుడు పుట్టింది. తిరపమ్మ మాత్రం పోతే అందరం, లేకుంటే ఎవరం పోయేది లేదని తెగేసి చెప్పింది. మెల్లమెల్లగా బురదలో పైడి అడుగులు లోతుగా పడటం మొదలైంది.

ఇక్కడి నుంచి కథ పరుగే. పైడి రావడం మానేసిందని గమనించిన నాగలింగం ఊరుకోలేదు. ఒక పొద్దున ఇంకో పిల్లబాతు మేత వదిలేసి, నా పొట్ట పెద్దగుందా అని పైడినే అడిగింది. పైడికి ఒళ్లంతా మంట లేచింది. క్యానును తొక్కి చప్పట చేసేస్తానంది గౌరమ్మ. పైడి వద్దంది.

"అది పోతే వాడు ఇంకోటి తెస్తడు అవ్వా. వాడే పోవాలె."

ఉపాయం పైడిదే. ఎండలకు చెరువు వెనక్కి తగ్గి, ఒడ్డున బురద మీద పెచ్చు కట్టింది. పైన ఎండి నెర్రెలిచ్చిన మట్టి, కింద లోతు తెలియని రొంపి. బాతు నడిస్తే మోస్తుంది, అంతకన్నా బరువు మోయదు. బయలుదేరే రోజు పొద్దున్నే పైడి ఆ పెచ్చు మీద, నీళ్లకు దగ్గరగా, ఒక రెక్క వాల్చి పడుకుంటుంది. అవసరమైతే ఒక్క గెంతులో నీళ్లలో పడొచ్చు. తిరపమ్మ మొదట ఒప్పుకోలేదు. పిల్ల కళ్లలో కొత్త పట్టుదల చూసి చివరికి ఒప్పుకుంది.

గౌరమ్మ పని ముచ్చట పెట్టడం. ఆ పొద్దున తుమ్మపొదల ముందు నిలబడి, కొంగతో, నక్కకు వినబడేంత గట్టిగా, పాపం ఆ పిల్ల లేవలేకపోతోందని, మంద దాన్ని వదిలేసి పోతోందని వాపోయింది. పొదల్లో ఆకులు కదిలాయి.

నాగలింగం తొందరపడే రకం కాదు. కట్ట మీదికొచ్చి ఒడ్డంతా పరికించాడు, పెచ్చు మీద రెక్క వాల్చి పడుకున్న పైడి కనబడింది. పెచ్చు సంగతి వాడికి తెలుసు. బరువున్నవాడిని అది మింగుతుందనీ తెలుసు. మరి తన బరువెంత? చలికాలమంతా జాలర్లు పారేసిన చేపలు తిని, ఎండలో దొర్లి, వాడి పొట్ట నేలను రాస్తోంది. ఆ సంగతి చెరువంతటికీ తెలుసు, వాడికి ఒక్కడికే తెలియదు. ఎందుకంటే పైడి వచ్చి పోయాక రోజూ ఆ క్యానును నిలబెట్టి తాను చూసుకునేవాడు. ఇతరులకు పడుకోబెట్టి, తనకు నిలబెట్టుకుని, ఏది ఎలా పెట్టాడో మరిచిపోయి, ఆ ఈనెపుల్ల నక్కే తానని నమ్మేశాడు. ఇప్పుడు కూడా వెనక్కి పరిగెత్తి ఒకసారి చూసుకొచ్చాడు. సన్నగా, చురుగ్గా ఉన్నాడు. ఇంకేం కావాలి?

కట్ట మీంచి ఎగిరి దూకాడు.

పెచ్చు పటపటమని విరిగింది. ముందుకాళ్లు దిగాయి, వెనకకాళ్లు దిగాయి, పొట్ట దిగింది. గింజుకున్న కొద్దీ కిందికి పోయి, చివరికి మెడా మూతీ పైన మిగిలాయి. పైడి మూరెడు దూరంలో లేచి నిలబడి ఒళ్లు దులుపుకుంది. బురదలో తల మాత్రమే ఉన్న నక్కను చూసి మందంతా ఒక్కసారిగా కూసింది. కొంగ కూడా రెండో కాలు దించింది.

ఎగరడానికి అనువుగా గాలి తిరిగింది. తిరపమ్మ రెక్క ఎత్తింది. బాతులన్నీ నీళ్ల మీద పరుగు తీస్తూ లేవసాగాయి. పైడి వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే నాగలింగం తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆయుధం విసిరాడు.

"పిల్లా, ఒక్కసారి కిందికి చూసుకో. ఆ పొట్ట ఎట్ల ఊగుతున్నదో చూడు. గంత మోసుకొని కొండలెట్ల దాటుతవే?"

పైడి ఆగింది. గాల్లో ఉన్న తిరపమ్మ వెనక్కి తిరిగి చూసింది. పైడి తల వంచి తన పొట్ట వైపు చూసుకుంది. ఒక్క క్షణం ఆ పాత గుమ్మడికాయ కళ్ల ముందు కదిలింది కూడా, అబద్ధమెందుకు. అది అంత తేలిగ్గా పోదు. పైడి ముక్కుతో తన పొట్టను ఒకసారి తట్టింది. వెచ్చగా, నిండుగా ఉంది.

"ఇది నా దారిబత్తెం మామా. మీరు దాన్ని తినాలనుకున్నరు, గందుకే మీకు గంత కనబడ్డది."

అని నీళ్ల మీద పరుగందుకుంది. కాళ్లు టపటపా కొట్టాయి, రెక్కలు గాలిని పట్టాయి, ఒళ్లు లేచింది. లేచి, కట్ట దాటి, తుమ్మపొదలు దాటి, తిరపమ్మ రెక్క వెనక తన చోటు వెతుక్కుంది. గౌరమ్మ కింది నుంచి ఏదో అరిచింది, ఏమన్నదో ఆమెకే తెలియదు, కళ్ల నిండా నీళ్లు.

నాగలింగాన్ని మేకల కాపరి కుక్కలు కనిపెట్టాయి. అవి మొరుగుతూ చుట్టూ చేరేసరికి ఎలా గింజుకున్నాడో, ఒంటినిండా బురదతో, తోక సగం వదిలేసుకుని బయటపడి, పక్క మండలం దాకా ఆగకుండా పరిగెత్తాడు. గుండ్లవాగు ఒడ్డున వాడి మొహం మళ్లీ ఎవరూ చూడలేదు.

నీతి: నిన్ను తినడానికి కాచుకున్నవాడిని, నీ ఒళ్లెలా ఉందని అడగకు.